వసతి యను మాట

ఈడ్చివేయుటకు ‘వేరు వసతి కల్పించుట’ యని పేరిడిన ఘనత అమెరికాలోని యునైటెడ్ విమానసంస్థ యధిపతిది. 2017 ఏప్రిల్ 9న షికాగోలో బయలుదేరనున్న విమానమున, టిక్కెట్టు కొని కూర్చుండిన యొక వైద్యుని భద్రతాధికారులు నెత్తురు కారుచుండగా ఈడ్చుకొనిపోయిరి. మరొక విమానమును నడుపవలసిన నలుగురు సిబ్బందికి చోటు కావలెనట! దిగువారికి 800 డాలర్ల వరకు ఇచ్చెదమనిరి, చాలినంతమంది లేవలేదు. అంతట బేరము మాని బలము ప్రయోగించిరి.

ప్రయాణికులందరును సాధువులు కారు. సిబ్బందిపై చేయిచేసికొనువారికి విమానయానమును నిషేధించు నియమములు మన దేశమున అదే సంవత్సరము ఏర్పడినవి, అది న్యాయమే. కాని ఆ వైద్యుడు ఎవరిని కొట్టెను? రోగులను చూడవలసియున్నదనియే చెప్పెను.

ఆ నెల ముగియకముందే సంస్థవారు పరిహారపు హద్దును 10,000 డాలర్లకు పెంచిరి. భద్రతా కారణమున్న తప్ప, కూర్చున్నవారిని బలవంతముగా లేపబోమనిరి.