పురుగు కనబడగానే మందు వద్దు



సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చి నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో వరినాట్లు పడిన తరువాత మనకు కలిగే మొదటి దిగులు ఆకుముడత పురుగు. నాటిన కొద్ది వారాలకే ఆకులు ముడుచుకొని తెల్లచారలు తేలతాయి. "పక్క పొలంలో కొట్టారు, మనం కొట్టకపోతే ఎట్లా?" అని ఇంట్లో మాట మొదలవుతుంది. ఈ నెల ఆ మాటనే ఆలోచిద్దాము.

లేత వయసులో వరికి నష్టాన్ని పూడ్చుకొనే శక్తి ఉంది. కొన్ని ఆకులు పోయినా కొత్తవి వేస్తుంది. అందుకే నాటిన మొదటి 30 రోజుల్లో ఆకు తినే పురుగులకు మందు కొట్టవద్దని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు చెబుతూ వచ్చారు. తొందరపడి కొట్టిన మందు సాలీళ్లను, తూనీగలను, అక్షింతల పురుగులను కూడా చంపుతుంది. ఈ కాపలావాళ్లు పోయాక సుడిదోమ విజృంభిస్తుంది. ఇండోనేషియాలో ఇట్లాగే జరిగింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల మందులను నిషేధించింది. అయినా వరి దిగుబడి పడిపోలేదు.

మనకు దగ్గరి పాఠం 1987-88లో వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో మందు మీద మందు కొట్టినా తెల్లదోమ లొంగలేదు. అప్పులు తీరక కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కుటుంబాల కన్నీరు మనం మరువకూడదు.

అట్లాగని చేతులు కట్టుకొని కూర్చోమని మేము చెప్పడం లేదు. చేయవలసిన పనులు ఇవి:

నాటేముందు నారు కొనలు తుంచి పారవేయండి. కాండం తొలిచే పురుగు గుడ్లు అక్కడే ఉంటాయి. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు ఒక కాలిబాట వదలండి. యూరియా ఒకేసారి కుమ్మరించక విడతలుగా వేయండి. ఆకుముడత కనబడితే ఇద్దరు చెరొక వైపు తాడు పట్టుకొని పైరు మీదుగా లాగండి, పురుగులు నీళ్లలో పడతాయి. పక్షులు వాలడానికి అక్కడక్కడా కర్రలు పాతండి. ఎకరానికి మూడు నాలుగు లింగాకర్షక బుట్టలు పెడితే కాండం తొలిచే పురుగు రాక ముందే తెలుస్తుంది.

వారానికి ఒకసారి పొలంలోకి దిగి దుబ్బులు చూడండి. చచ్చిన మొవ్వులు నూటికి అయిదు దాటితే, లేక దుబ్బుకు ఒకటి రెండు ఆకులు కొత్తగా దెబ్బతింటుంటే, అప్పుడు వ్యవసాయాధికారిని అడిగి తగిన మందు వాడండి. కొట్టులో చెప్పిన మాటే వేదవాక్కు కాదు.

ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు మనిషికి తోటను సేద్యం చేసే పనినీ, దానిని కాచే పనినీ రెంటినీ అప్పగించాడు. సాలీడు కూడా ఆయన చేసినదే. పొలం చూసి, లెక్క చూసి, ఓపిక పట్టడం సోమరితనం కాదు, నమ్మకమైన గృహనిర్వాహకత్వం. ఈ సంవత్సరం భార్యాభర్తలు కలిసి పొలం గట్టుమీద ప్రార్థించి, కలిసి దుబ్బులు లెక్కపెట్టి, ఆ తరువాతే డబ్బా కొనే సంగతి ఆలోచించండి. ప్రభువు మీ చేతి పనిని దీవించును గాక.