తీగ పలుకు – మూడు చెవులు

భౌతికశాస్త్ర సూత్రమును కంఠస్థము చేసిన విద్యార్థికి అది చేసెడి పని తెలియవలెనన్న గిటారు తీగను మించిన గురువు అరుదు. 1831లో ఫారడే వెల్లడించిన విద్యుత్ప్రేరణయే ఆధారముగా, అమెరికాలో జార్జి బీచం 1931లో గుర్రపునాడా అయస్కాంతములను, రాగితీగచుట్టను అమర్చి ఉక్కుతీగల నాదమును విద్యుత్తుగా మార్చినాడు. 1937లో దానికి పేటెంటు లభించినది.

నైలాను తీగకు ఈ ఉపాయము చెల్లదు. అందుచేత ప్రయోగకర్తలు అన్యమార్గములు వెదకినారు. ఒత్తిడిచే విద్యుత్తునిచ్చు స్ఫటికమును తీగలు ఆనియున్న చోట ఉంచినారు. క్యూరీ సోదరులు 1880లో కనుగొన్న ధర్మమిది. మరికొందరు తీగ నీడను కాంతిగ్రాహకముపై పడనిచ్చి, వెలుగు హెచ్చుతగ్గులను విద్యుత్తుగా గ్రహించినారు.

ఈ మూడును ఒకే తీగను వినుచున్నను ఒకే మాట చెప్పవు. అయస్కాంతము తీగ వేగమును, కాంతి దాని స్థానమును, స్ఫటికము దాని ఒత్తిడిని తెలుపును. ప్రకృతిని ఏ తీరున ప్రశ్నించిన, ఆ తీరుననే సమాధానము వచ్చును. ఈ సత్యము నల్లబల్లపై వ్రాసినంత మాత్రమున బోధపడదు.

కావున ఒక ఉక్కుతీగను, అయస్కాంతమును, తీగచుట్టను, చిన్న ధ్వనివర్ధకమును పిల్లల చేతికి ఇయ్యవలెను. పిమ్మట ఉక్కు స్థానమున నైలాను బిగింపుమనవలెను. ధ్వనివర్ధకము మూగవోయినదేమని విద్యార్థి అడిగిన క్షణముననే అసలు పాఠము ఆరంభమగును.