ఏడాది ఫెలోలు, ఏళ్లనాటి ఫైళ్లు

బండి మీద ఇడ్లీలు అమ్ముకునే మహిళ వీధి వ్యాపారుల రుణ పథకం పీఎం స్వనిధి కింద తీసుకునే మొదటి రుణం గడువు 12 నెలలు. అది తీరాక ఇచ్చే రెండో రుణం గడువు 18 నెలలు. కిస్తీలు గడువు ప్రకారమే కట్టుకుంటూ పోతే, వ్యాపారాన్ని కాస్త పెంచుకోవడానికి పనికొచ్చే మూడో రుణం, అంటే 50 వేల రూపాయలు, ఆమె చేతికొచ్చేసరికి రెండున్నరేళ్లు దాటుతుంది. ఆమె పేరు సర్వేలో ఎక్కించి, మున్సిపాలిటీ నుంచి సిఫార్సు లేఖ ఇప్పించి, బ్యాంకు మేనేజరు ముందు కూర్చోబెట్టిన కుర్రాడు ఏడాది ఫెలోషిప్ మీద వచ్చినవాడైతే, ఆమె మొదటి అప్పు ఆఖరి కిస్తీ కట్టేనాటికి అతను ఆ ఊళ్లో ఉండడు. రెండో విడతకు బ్యాంకు కొర్రీ పెడితే ఎవరిని అడగాలో ఆమెకు తెలియదు. అతని స్థానంలో వచ్చిన అమ్మాయి మళ్లీ సర్వే కాగితంతోనే ఆమె బండి దగ్గరికొస్తుంది.

చదువు ముగించుకున్న యువతను ఏడాదికో రెండేళ్లకో తీసుకుని, పట్టణ పేదరికం తగ్గించే పనిలో పెట్టే ఫెలోషిప్‌లకు ఇప్పుడు మంచి ఆదరణ ఉంది. వాటిని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. మున్సిపల్ కార్యాలయంలోకి కొత్త రక్తం రావడం ఎవరికి చేదు? కానీ పట్నంలో పేదరికం చాలావరకు కాగితాల మీద నడుస్తుంది. ఏ జాబితాలో పేరుంది, ఏ బస్తీ నోటిఫై అయింది, గుడిసె వేసుకున్న స్థలం ఏ శాఖది అన్నదాన్ని బట్టే నల్లా కనెక్షన్ నుంచి ఇంటి పట్టా దాకా అన్నీ తేలతాయి. ఆ కాగితాలు కదిలే వేగానికీ ఫెలో గడువుకూ పొంతన లేదు. అది కుదర్చకుండా ఎంత తెలివైనవాళ్లను తెచ్చినా బాగుపడేది వాళ్ల బయోడేటాలే.

మన దేశంలో ఈ తరహా ప్రయోగాలకు ఊపు వచ్చింది 2012లో. జైరాం రమేశ్ గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉండగా మావోయిస్టు ప్రభావిత జిల్లాల్లో కలెక్టర్లకు తోడుగా యువ ఫెలోలను పంపారు. అది పల్లెల కోసం పుట్టిన పథకం. తర్వాత మహారాష్ట్ర, హరియాణా, ఢిల్లీలలో ముఖ్యమంత్రుల పేరిట ఫెలోషిప్‌లు మొదలయ్యాయి. 2018లో స్మార్ట్ సిటీల ఫెలోషిప్ వచ్చింది. 2020 జూన్‌లో, దేశంలోని 4,400కు పైగా పట్టణ స్థానిక సంస్థల్లో పట్టభద్రులకు పని నేర్పిస్తామంటూ కేంద్రం ‘ట్యులిప్’ ప్రారంభించింది. దాని గడువు ఎనిమిది వారాల నుంచి ఏడాది వరకు. ఎనిమిది వారాల్లో రెవెన్యూ సెక్షన్ ఏ అంతస్తులో ఉందో, టౌన్ ప్లానింగ్ వాళ్లు ఏ పూట దొరుకుతారో తెలుస్తుంది.

ప్రభుత్వాలకు ఇవి ఎందుకు నచ్చుతాయో ఊహించడం కష్టం కాదు. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థల కోసం 12వ షెడ్యూల్లో 18 బాధ్యతలు రాసింది. పదోది మురికివాడల అభివృద్ధి, పదకొండోది పట్టణ పేదరిక నిర్మూలన. బాధ్యత రాసిచ్చారు గానీ దానికి మనుషుల్ని ఇవ్వలేదు. ఒక శాశ్వత పోస్టు కావాలంటే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, రోస్టర్ పాటించాలి, పరీక్ష పెట్టాలి, కోర్టు కేసులు తట్టుకోవాలి. ఫెలోషిప్‌కు ఈ బాదరబందీ లేదు. ఒక విశ్వవిద్యాలయంతోనో స్వచ్ఛంద సంస్థతోనో అవగాహన ఒప్పందం కుదిరితే చాలు, నెలల్లో మనుషులు దిగుతారు.

ఎంత సులువుగా దిగుతారో అంత సులువుగా పోతారు కూడా. 2023 జులైలో ఢిల్లీ ప్రభుత్వ విభాగాల్లో పనిచేస్తున్న దాదాపు 400 మంది ఫెలోలను, సలహాదారులను లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదంతో ఒక్కసారిగా తొలగించారు. నియామకాలకు ముందస్తు అనుమతులు లేవని, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు పాటించలేదని సేవల శాఖ కారణాలు చూపింది. అప్పట్లో కేంద్రానికీ ఆప్ ప్రభుత్వానికీ మధ్య నడుస్తున్న పోరు ఆ ఉత్తర్వు వెనక లేదని ఎవరూ అనరు. అయినా రిజర్వేషన్ల ప్రశ్నను రాజకీయమని తోసేయడానికి వీల్లేదు. బస్తీల్లో ఉండేది ఎక్కువగా ఏ కులాలవాళ్లో అందరికీ తెలుసు. వాళ్ల కోసమని చెప్పే పనికి ఇంగ్లిషు వ్యాసం, పేరున్న కళాశాల పట్టా, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పెట్టి మనుషుల్ని ఎంచుకుంటే వచ్చేవాళ్లెవరో కూడా తెలుసు.

నిజానికి ఈ పని హైదరాబాద్‌కు కొత్త కాదు. 1967లోనే నగర పాలక సంస్థలో పట్టణ సామాజికాభివృద్ధి విభాగం మొదలైంది. బస్తీల్లో దాన్ని యూసీడీ అనే పిలిచేవారు. పద్ధతి చెప్పుకోవడానికి చాలా మామూలుగా ఉంటుంది. కమ్యూనిటీ ఆర్గనైజర్ అనే ఉద్యోగి బస్తీకి వెళ్తాడు. చేతిలో పథకం ఉండదు. అక్కడివాళ్లతో మాట్లాడి, వాళ్లు ముందు ఏం కావాలంటున్నారో వింటాడు. పిల్లలకు బాల్వాడీ కావాలంటే బాల్వాడీ, ఆడవాళ్లకు కుట్టు కేంద్రం కావాలంటే కుట్టు కేంద్రం. శ్రమలో, ఖర్చులో బస్తీకీ వాటా ఉండేది. డెబ్బయ్యో దశకంలో యునిసెఫ్ సాయం వచ్చింది. పట్టాలు, బ్యాంకు రుణాలు ఇప్పించి బస్తీవాళ్లే ఇళ్లు కట్టుకునే కార్యక్రమం నడిచింది. ఎనభయ్యో దశకంలో బ్రిటన్ ప్రభుత్వ నిధులతో మురికివాడల అభివృద్ధి ప్రాజెక్టు వచ్చింది. విదేశాల నిపుణులు వచ్చి చూసి రాసుకుపోయిన నమూనా అది. దాని బలమంతా ఒక్క విషయంలో ఉంది: డబ్బు రాకముందే బస్తీకి ఆ ఉద్యోగి తెలుసు, డబ్బు అయిపోయాక కూడా అతను అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. 1989లో నెహ్రూ రోజ్‌గార్ యోజన, 1997లో స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన, 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్. ఆ మిషన్ కూడా 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఏర్పడింది, విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ అదే పేరుతో కొనసాగుతోంది. జాతీయ మిషన్ నిబంధనల ప్రకారం దాదాపు 3,000 పేద కుటుంబాలకు ఒక కమ్యూనిటీ ఆర్గనైజర్ ఉండాల్సింది. మూడు వేల గుమ్మాలు! రోజుకు పది ఇళ్లు తిరిగినా ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఏడాది దాదాపు ముగిసిపోతుంది.

అందుకే పని నిజంగా నడిపేది ఆ కింది మెట్టున ఉన్న ఆర్పీ. పొదుపు సంఘాల నుంచే వచ్చిన ఈ రిసోర్స్ పర్సన్ చదువు అంతంత మాత్రమే కావచ్చు. కానీ ఏ సంఘంలో కిస్తీ ఎందుకు ఆగింది, ఎవరి భర్త మంచం పట్టాడు, ఎవరు ఇల్లు ఖాళీ చేసి పోయారు అన్నది ఆమెకు నోటికి వచ్చు. ఫెలో తయారుచేసి కమిషనర్‌కు చూపించే ప్రజంటేషన్‌లో రంగురంగుల పటాలుంటాయి. వాటి కింది సమాచారం మాత్రం ఈమె నోట్‌బుక్‌లోదే. ఫెలోకు ఇచ్చేది ఆమెకిచ్చే గౌరవ వేతనానికి ఎన్నో రెట్లు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం దగ్గర మనకెప్పుడూ లోటు లేదు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. అక్కడ ఆరు దశాబ్దాలుగా ఇదే పని చేస్తున్న పథకం ఒకటుంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించిన 1964లో వచ్చిన ఆర్థిక అవకాశాల చట్టం నుంచి పుట్టింది ‘విస్టా’. తర్వాత, 1993లో, అమెరికార్ప్స్‌లో కలిసింది. యువతీ యువకులు ఏడాది పాటు ఒక స్వచ్ఛంద సంస్థలోనో, నగర ప్రభుత్వంలోనో పేదరికం తగ్గించే పని చేస్తారు. పెద్ద నగరాల్లో పేదరికం బాగా ఎక్కువగా ఉన్న ఫిలడెల్ఫియా 2013లో మేయర్ మైకేల్ నట్టర్ హయాంలో పేదరికంపై ప్రత్యేక ప్రణాళిక తెచ్చి, దానికొక కార్యాలయం పెట్టినప్పుడు విస్టా సభ్యుల సేవలనూ వాడుకుంది.

విస్టా నిబంధనల్లో రెండు నన్ను ఆలోచింపజేశాయి. ఒకటి, సభ్యులకిచ్చే భత్యం పేదరిక రేఖకు దగ్గర్లోనే ఉంటుంది. పేదల మధ్య పనిచేసేవాళ్లు పేదల్లాగే బతకాలన్నది మొదట్లో అనుకున్న ఆదర్శం. ఆ భత్యాన్ని ఆదాయంగా లెక్కించరు కాబట్టి ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార సాయానికి వాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ అలాంటి ఏడాదిని కంగారు లేకుండా గడపగలిగేది అవసరమైతే ఇంటి నుంచి డబ్బు పంపే తల్లిదండ్రులున్న పిల్లలే. బీదింటి పిల్లకు ఆ ఏడాది ఆదర్శం కాదు, అప్పు. రెండో నిబంధన మాత్రం మనం కళ్లకద్దుకోవాల్సింది: జీతమిచ్చి పెట్టుకున్న ఉద్యోగి స్థానంలో విస్టా సభ్యుణ్ని కూర్చోబెట్టకూడదు. పైగా వాళ్ల ప్రధాన బాధ్యత పేదలకు నేరుగా సేవ చేయడం కాదు, వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ సేవ నడిచేలా సంస్థను నిలబెట్టడం. గడువు చిన్నదని ముందే ఒప్పుకుని దానికి తగ్గ పని అప్పగించారన్నమాట. న్యూయార్క్ 1969లో మొదలుపెట్టిన అర్బన్ ఫెలోస్‌ది మరో దారి. తొమ్మిది నెలల ఆ కార్యక్రమం నగర పాలనలోకి కొత్త తరాన్ని తెచ్చుకోవడానికి ఉద్దేశించింది. పేదరికం పోగొడతామన్న పెద్ద మాట అందులో లేదు.

అక్కడా ఆధారం గట్టిదేమీ కాదు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దాదాపు 40 కోట్ల డాలర్ల అమెరికార్ప్స్ గ్రాంట్లను రద్దు చేసింది. రాష్ట్రాలు కోర్టుకెక్కి కొంత తిరిగి రాబట్టుకున్నాయి. ఈలోగా మధ్యలోనే ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు.

మన పక్కనే కేరళ మరో దారి పట్టింది. అతి పేదలుగా 64,006 కుటుంబాలను గుర్తించి, కుటుంబానికో ప్రణాళిక వేసి, 2025 నవంబరు 1న అతి పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఆ కొలమానాలను ఆర్థికవేత్తలు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలకు సమాధానం రావాల్సిందే. కానీ ఆ జాబితా తయారైన తీరు గమనించండి. స్థానిక సంస్థలు, వార్డు సభ్యులు, కుటుంబశ్రీ పొదుపు సంఘాల మహిళలు కూర్చుని తేల్చిన పేర్లవి. ఒక కుటుంబానికి రేషన్ కార్డు, మరో కుటుంబానికి మందులు, ఇంకో కుటుంబానికి ఇల్లు. బయటి నుంచి వచ్చిన ఫెలో అయితే ఈ తేడాలన్నిటినీ ఒకే పట్టికలో ఇరికించేవాడేమో.

ఆంధ్రప్రదేశ్‌లోనూ దీనికి దగ్గరగా ఒక ఏర్పాటు చేతిలో ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో సంక్షేమ, అభివృద్ధి కార్యదర్శి అనే పోస్టు ఉంది. గ్రామ, వార్డు సచివాలయాలకు కలిపి ఒకే విడత నియామక పరీక్షలతో లక్షకు పైగా యువతను తీసుకున్నారు, రిజర్వేషన్లతో సహా. పట్టణ పాలనలో తొలి ఉద్యోగం అంటే నా దృష్టిలో అది. ఆ కార్యదర్శి ఏడాదికి వెళ్లిపోడు. కాకపోతే ఒక యాప్ తర్వాత మరో యాప్, ఒక సర్వే తర్వాత మరో సర్వే నింపడంలోనే అతని పొద్దు గడిచిపోతోంది. ఒక బస్తీని ఎలా చదవాలో, బ్యాంకుతో ఎలా బేరమాడాలో, వీధి వ్యాపారుల కమిటీని ఎలా కూర్చోబెట్టాలో నేర్పేవాళ్లు లేరు. ఇతనికి గడువు బెంగ లేదు, నేర్పేవాళ్లు లేరు. ఫెలోకు నేర్పేవాళ్లున్నారు, వ్యవధి లేదు. ఈ ఇద్దరినీ వేర్వేరు అంతస్తుల్లో కూర్చోబెట్టి ఎవరి నివేదిక వాళ్లను రాసుకోమనడం ఏం తెలివి?

ఫెలోను కమిషనర్ పేషీ నుంచి కిందికి దింపాలి. అతను రిపోర్టు చేయాల్సింది వార్డులోని కార్యదర్శికి, ఆర్గనైజర్‌కు. వీధి వ్యాపారుల రుణాలు రెండు విడతలు దాటే వరకైనా, అంటే కనీసం మూడేళ్లు, ఒకే చోట ఉంచాలి. పట్టాల పని చూస్తే ఇది కూడా తక్కువే. తెలంగాణలో 125 గజాల లోపు ప్రభుత్వ స్థలంలో ఉంటున్న పేదలకు ఉచితంగా హక్కు కల్పించే జీవో 58 వచ్చింది 2014 డిసెంబరులో. ఏళ్లు గడిచాక కూడా ప్రభుత్వం మళ్లీ మళ్లీ దరఖాస్తులకు గడువు పొడిగించాల్సి వచ్చింది. సగం స్థానాలైనా అదే ఊరి పొదుపు సంఘాల ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలకు ఇస్తే మూడేళ్లు ఊళ్లో ఉండమనడం వాళ్లకు శిక్ష కాదు. తర్వాత మున్సిపల్ నియామకాల్లో ఆ అనుభవానికి కొన్ని మార్కులు కలపవచ్చు. ఫెలోను చూపించి ఖాళీ పోస్టును భర్తీ చేయకుండా ఆపకూడదని ఉత్తర్వులోనే రాయాలి. ఇంకొక చిన్న విషయం: అతను చేసిన నోట్స్ అన్నీ తెలుగులో ఉండాలి, తర్వాత వాటిని చదవాల్సింది ఆర్పీ కాబట్టి.

దీనికి సమయం కూడా కలిసొస్తోంది. 2011 జనగణన లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మురికివాడల జనాభా కోటి దాటింది, దేశంలో మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం మనదే. మున్సిపాలిటీలు ఇప్పటికీ ఆ కాలం నాటి జాబితాలనే ముందు పెట్టుకుని ప్రణాళికలు వేస్తున్నాయి. ఆ తర్వాత పుట్టిన బస్తీలు కాగితం మీద లేవు. 2027 జనగణనతో మురికివాడల లెక్క మళ్లీ మొదటి నుంచి తేలాలి. ఏ గుడిసెల గుంపును మురికివాడగా రాయాలి, దేన్ని వదిలేయాలి అన్న గొడవలు వార్డు స్థాయిలోనే వస్తాయి. ఇప్పుడు తీసుకునే ఫెలోలను ఆర్పీల వెంట ఆ గుడిసెల మధ్యకు పంపి, జాబితా మీద చివరి అభ్యంతరం తేలేదాకా ఊరు కదలకుండా చూస్తే, మున్సిపాలిటీ చేతికి పదేళ్లు పనికొచ్చే కాగితం వస్తుంది.