ఒకే డిస్కులో ఇద్దరు హైడ్‌లు

పాత హారర్ చిత్రాలను రెండేసి చొప్పున ఒకే డీవీడీలో అమ్మడం చాలావరకు గంపగుత్త బేరమే. 2004లో వార్నర్ సంస్థ వెలువరించిన ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ జంట మాత్రం అటువంటిది కాదు.

1931లో పారమౌంట్ కోసం మమూలియన్ తీసిన చిత్రం ఫ్రెడ్రిక్ మార్చ్‌కు ఆస్కార్ తెచ్చింది. 1941లో స్పెన్సర్ ట్రేసీతో అదే కథను తీసిన ఎమ్‌జీఎమ్, పాత చిత్రం హక్కులు కొని దానిని ప్రదర్శనలకు దూరం చేసింది. పోలికకు వెరచి కాబోలు! అట్లు విడదీసిన రెంటినీ ఒక్కచోట చేర్చడం నా దృష్టిలో న్యాయం. మార్చ్ రూపంలో మృగం భయపెడుతుంది. ట్రేసీ ముఖంలో మనిషే భయపెడతాడు.

ఒకే ఘట్టాన్ని ఇద్దరు కవులు వ్రాసిన తీరును పక్కపక్కన ఉంచి చెప్పినప్పుడే విద్యార్థికి ఇద్దరి విలువా తెలిసేది. జంటలు కూర్చేవారు చవకబేరాన్ని గాక ఇటువంటి పొత్తును చూడాలని నా మనవి.