లెక్కలోకి రాని బ్లాకులకు గవాహి ఎవరు?

మొన్న ఆపా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తకముందే మా భాంజా ఫోన్ నా ముందు పెట్టాడు. "దేఖో మామూ, ఎన్‌బీఏ చరిత్రలో బెస్ట్ డిఫెండర్ మనోడే. హకీమ్ ఒలాజువాన్. 3,830 బ్లాకులు. అందరికంటే ఎక్కువ. బహస్ ఖతం." దుల్హాభాయి కూడా తలూపాడు. మనోళ్ల పేరు వస్తే తలూపడం మా ఖాందాన్‌లో రివాజు.

నేను బిల్ రసెల్ అన్నాను. అంతే, నన్ను గద్దార్‌ని చూసినట్టు చూశారు. అందుకే ఇది రాస్తున్నా.

హకీమ్ మీద నా మొహబ్బత్ ఎవరికంటే తక్కువ కాదు. లాగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడి, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడి, బాస్కెట్‌బాల్‌కి ఆలస్యంగా వచ్చిన మనిషి. 1994 ఫైనల్స్ ఆరో మ్యాచ్ ఆఖరి క్షణంలో న్యూయార్క్ జట్టు జాన్ స్టార్క్స్ వేసిన మూడు పాయింట్ల షాట్‌ని వేలికొసలతో ఆపాడు. 86-84. అది పడి ఉంటే టైటిల్ న్యూయార్క్‌దే. ఏడో మ్యాచ్ కూడా హ్యూస్టనే గెలిచింది. ఆ సీజన్‌లో ఎంవీపీ, బెస్ట్ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ అతనికే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రంజాన్ రోజాలు ఉంటూనే ఆడి, ఆ నెల మేటి ఆటగాడు అనిపించుకున్నాడు. మాషా అల్లాహ్. కానీ మొహబ్బత్ వేరు, ఫైసలా వేరు. మనవాడు కాబట్టి మొదటి నంబర్ ఇస్తే, ఊళ్లో వేరేవాళ్లు మన విషయంలో చేసే తరఫ్‌దారీకీ దీనికీ ఫరక్ ఏమిటి?

ఇక ఆ 3,830 సంగతి. ఎన్‌బీఏ బ్లాకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74లో. రసెల్ 1969లో ఆట మానేశాడు. పదమూడు సీజన్లు ఆపిన షాట్లకు రికార్డులో సున్నా కూడా లేదు, ఖాళీ గడి ఉంది. పోనీ, మనవాడే కావాలంటే కరీం అబ్దుల్ జబ్బార్ కూడా మనవాడే కదా? అతని ఖాతాలో 3,189. హకీమ్‌తో తేడా 641. కరీం మొదటి నాలుగు సీజన్లకు హిసాబే లేదు. లెక్కపెట్టిన మొదటి ఏడాదే 283 వచ్చాయి. ఆ నాలుగేళ్లలో 641 రాకుండా ఉంటాయా? భాంజా ఫోన్‌లోనే గుణించి చూసుకుని కాసేపు మాట్లాడలేదు.

అవార్డులదీ అదే హాల్. ఆల్ డిఫెన్సివ్ టీమ్ అనేది పెట్టిందే రసెల్ ఆఖరి సీజన్‌లో. అందుకే అతని పేరు అందులో ఒక్కసారే. టిమ్ డంకన్ పేరు 15 సార్లు. (డంకన్‌కి బెస్ట్ డిఫెండర్ అవార్డు ఒక్కసారి కూడా ఇవ్వలేదు, అదింకో జుల్మ్.) ఫైనల్స్ ఎంవీపీ కూడా 1969లోనే మొదలైంది. ఆ ఏడాది గెలిచింది రసెల్ బోస్టన్, అవార్డు పోయింది ఓడిన జట్టు జెర్రీ వెస్ట్‌కి! నలభై ఏళ్ల తర్వాత ఆ అవార్డుకే రసెల్ పేరు పెట్టారు.

మరి దేనితో తూచాలి? అతను రాకముందు బోస్టన్‌కి ఒక్క టైటిల్ లేదు. అతనున్న 13 సీజన్లలో 11. అతను వెళ్లిన మరుసటి ఏడాది 34 గెలుపులు, 48 ఓటములు, ప్లేఆఫ్స్ కూడా లేవు.

బంతిని ప్రేక్షకుల్లోకి కొడితే చప్పట్లు వస్తాయి, బంతి మాత్రం మళ్లీ అవతలి జట్టుకే పోతుంది. రసెల్ దాన్ని కోర్టు దాటనిచ్చేవాడు కాదు, తనవాళ్ల వైపు తట్టేవాడు. అక్కడి నుంచే బోస్టన్ పరుగు మొదలు. ఇక అతన్ని చూసి అసలు వేయకుండా మానుకున్న షాట్లు? వాటికి ఈ రోజు కూడా గడి లేదు. నేను ఏళ్ల తరబడి డెస్క్ మీద కూర్చున్నవాణ్ణి. రాత్రి పదకొండింటికి తప్పుడు వార్తని ఆపిన సబ్ ఎడిటర్‌కి బైలైన్ వచ్చిందా ఎప్పుడైనా?

"అప్పుడు ఎనిమిది టీములే కదా" అన్నాడు దుల్హాభాయి. నిజమే, అతను వచ్చేటప్పటికి ఎనిమిది, వెళ్లేటప్పటికి పద్నాలుగు. టీములు తక్కువైతే దిగ్గజాలు మళ్లీ మళ్లీ ఎదురవుతారు. విల్ట్ చాంబర్లిన్‌తో పది సీజన్లు తలపడ్డాడు. విల్ట్ మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు కొట్టిన 1961-62లో కూడా అతని జట్టుని ఏడు మ్యాచ్‌ల్లో దాటి టైటిల్ తీసుకుపోయింది బోస్టనే.

ఇంకోటి, దీనికీ ఆటకీ సంబంధం లేదు, కానీ రాయకుండా ఉండలేను. వియత్నాం యుద్ధానికి పోనన్న ముహమ్మద్ అలీ పక్కన 1967 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో కూర్చున్నవాళ్లలో ఈ రసెల్ ఉన్నాడు. అప్పటికింకా లూ ఆల్సిండర్‌గా ఉన్న కరీం కూడా.

హకీమ్‌కి నా దగ్గర రెండో నంబర్. అదేం చిన్న ఇజ్జత్ కాదు. భాంజా మాత్రం ఒప్పుకోలేదు.

"రసెల్ ఆట నువ్వు చూశావా మామూ? నువ్వు పుట్టకముందే మానేశాడు కదా."

"మరి హకీమ్ ఆట నువ్వు చూశావా బేటా?"

ఆపా చాయ్ తెచ్చింది.