ఒకే గడప, రెండు జవాబులు

2027 ఫిబ్రవరిలో జరగనున్న జనగణనలో ప్రతి వ్యక్తి కులాన్నీ నమోదు చేస్తారు. 1931 తర్వాత అన్ని కులాల లెక్కలను ప్రచురించిన జనగణన మనకు లేదు. కనుక కొత్త అంకెలు వెలువడిన మరుక్షణమే రాష్ట్రాల సర్వేలతో పోలికలు మొదలవుతాయి. ఆ అంకెలు కలవని చోట ‘ఎవరో అబద్ధం చెప్పారు’ అనే తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పు సాధారణంగా వెనుకబడిన కులాల మీదే పడుతుంది. అందుకే ఒకే కుటుంబం రెండు సందర్భాల్లో రెండు జవాబులు ఎందుకు ఇస్తుందో ముందుగానే ఆలోచించుకోవాలి.

తెలంగాణ అనుభవమే చూద్దాం. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో బీసీలు 51 శాతమనే అంకె ప్రచారంలోకి వచ్చింది. 2024 నవంబరులో మొదలైన సర్వేలో ముస్లిమేతర బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు 10.08 శాతం, వెరసి 56.33 శాతమని ప్రభుత్వం ప్రకటించింది. పదేళ్లలో బీసీలు తగ్గారని కొందరు, పెరిగారని కొందరు వాదించారు. వర్గీకరించిన తీరు, సర్వే చేరుకున్న ఇళ్లు, అడిగిన సందర్భం రెండుసార్లూ ఒకటేనా అన్న ప్రశ్న మాత్రం చర్చలో వెనక్కి పోయింది.

ఆ సందర్భాలు ఒకటి కావు. 2014లో సర్వేలో పేరు లేకపోతే రేషను, పింఛను పోతాయన్న భయంతో వలస వెళ్లినవారు కిక్కిరిసిన బస్సుల్లో, రైళ్లలో సొంతూళ్లకు చేరారు. 2024లో భూమి, ఆదాయం, అప్పులతో సహా 75 ప్రశ్నలు అడిగేసరికి హైదరాబాదులో అనేకమంది తలుపులే తీయలేదు. ఒకచోట ఆశ, మరొకచోట అనుమానం జవాబు చెప్పాయి. ఆ సర్వే మొదటి విడతలో 3.1 శాతం కుటుంబాల వివరాలు అందలేదు. అలా మిగిలిపోయేవారు అన్ని కులాల నుంచీ సమానంగా ఉంటారని అనుకోవడానికి ఆధారం లేదు.

రెండో కారణం పేరులోనే ఉంది. కోస్తాలో ‘కాపు’ అంటే ఓసీ. ఉత్తరాంధ్రలో తూర్పు కాపు బీసీ. తెలంగాణలో మున్నూరు కాపు బీసీ, కాగా అక్కడి పల్లెల్లో రెడ్లను కూడా కాపులనడం వాడుక. ఇంటివారు ‘కాపులం’ అని చెప్పి ఊరుకుంటే, నమోదు చేసేవారి అవగాహనను బట్టి ఆ కుటుంబం బీసీల్లోకో ఓసీల్లోకో చేరుతుంది. 2011 సామాజిక ఆర్థిక కులగణనలో జవాబును యథాతథంగా రాయించినందువల్ల ఇంటిపేర్లు, గోత్రాలు, వృత్తులు, అక్షర భేదాలు కలిసి దాదాపు 46 లక్షల ‘కులాలు’ పోగుపడ్డాయి. 1931 జనగణనలో అవి 4,147 మాత్రమే. అక్కడ జవాబు చెప్పినవారు తప్పు చేయలేదు. ప్రశ్నే సిద్ధంగా లేదు.

మూడో కారణం, కులం పేరు రాజకీయ ప్రకటన కూడా కావడం. 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ ‘పంచమ’ పదాన్ని నిరాకరించి ‘ఆది ఆంధ్ర’ను స్వీకరించింది. 1931 నాటికి గణనీయ సంఖ్యలో మాల మాదిగలు జనగణనలో ఆ పేరే రాయించుకున్నారు. అది ఆత్మగౌరవ ప్రకటన. కానీ నేడు ఉపవర్గీకరణకు ఆ ఉమ్మడి పేరే చిక్కు తెచ్చింది. కర్ణాటకలో ఆది కర్ణాటక, ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని నమోదైనవారు ఏ ఉపకులానికి చెందుతారో తేల్చడానికి 2025లో జస్టిస్ నాగమోహన్ దాస్ కమిషన్ మళ్లీ ఇల్లిల్లూ సర్వే చేయవలసి వచ్చింది. మొదట చెప్పిన పేరూ నిజమే, తరువాత చెప్పిన పేరూ నిజమే. అడిగిన ప్రయోజనం మారింది.

అన్నిటికంటే బాధాకరమైన ఉదాహరణ దళిత క్రైస్తవులది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం ప్రభుత్వ ఉద్యోగి ముందు ‘హిందువులం’ అని, నమ్మకమున్న పరిశోధకుడి ముందు ‘క్రైస్తవులం’ అని చెప్పవచ్చు. ఆ రెండు జవాబుల మధ్య దూరాన్ని సృష్టించింది ఆ కుటుంబం కాదు, చట్టం.

జాతీయ నమూనా సర్వే కూడా ఇదే చెబుతుంది. 1999-2000లో సుమారు 36 శాతం ఉన్న ఓబీసీలు 2004-05లో 41, 2011-12లో 44 శాతమయ్యారు. పన్నెండేళ్లలో ఇంత పెరుగుదల జననాల వల్ల రాదు. ఆ సర్వే ధ్రువపత్రం అడగదు, కుటుంబం చెప్పిన మాటనే రాసుకుంటుంది. జాబితాల్లో కొత్త కులాలు చేరాయి. తాము జాబితాలో ఉన్నామన్న ఎరుక జనంలో పెరిగింది. దీన్ని మోసమనడం కంటే హక్కుల చైతన్యమనడం సమంజసం. అయితే స్థానిక సంస్థల్లో 42 శాతం కోటా వంటి డిమాండ్లు ఇలాంటి అంకెల మీదే నిలబడినప్పుడు, వాటిలో ఎంత స్థిరత్వం ఉందో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

అందుకు మార్గముంది. ప్రతి జనగణన తరువాత ఎంపిక చేసిన ప్రాంతాల్లో వేరే సిబ్బందితో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి సరిచూసే సర్వే మన దేశంలో ఆనవాయితీ. 2011లో ప్రతి వెయ్యిమందిలో 23 మంది లెక్కకు అందలేదని తేల్చింది అదే. 2027లో ఆ సర్వేలో కులం ప్రశ్నను తప్పక చేర్చాలి. మొదట ఒక పేరు చెప్పి తరువాత మరో పేరు చెప్పినవారెందరో కులాలవారీగా, జిల్లాలవారీగా ప్రచురించాలి. ఒకే కులానికి ప్రాంతాన్ని బట్టి ఉన్న పేర్లన్నిటితో జిల్లా జాబితాలు ముందే ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించాలి. ఇంట్లో ఎవరు జవాబిచ్చారో కూడా నమోదు చేయాలి. కులాంతర వివాహం జరిగిన ఇంట మామ చెప్పే మాట, కోడలు చెప్పే మాట ఒకటి కాకపోవచ్చు.

1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ వ్యక్తిగత జవాబులకు గోప్యత కల్పించింది. మనం చెప్పింది మన ఊరి పెద్దకు గానీ రేషను దుకాణానికి గానీ చేరదన్న విషయం గడప గడపకూ తెలియాలి. అది తెలియనంత కాలం అట్టడుగున ఉన్నవారు అధికారి ముఖం చూసి జవాబు చెబుతూనే ఉంటారు. ఆ జవాబు మారిందని వారిని బోనులో నిలబెట్టే ముందు, ఏ భయం, ఏ చట్టం, ఏ ప్రశ్న దాన్ని మార్చాయో లెక్క తీయడం ప్రభుత్వ ధర్మం.