గదియు, చెవియు, కొలతయు

పెందుర్తిలోని మా మిద్దెయింట 12 అడుగుల చదరపు గదిలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనమును వినుచుండగా, తోడి మృదంగపు తొప్పినాదము గుమ్మని ముసరుకొని స్వరమును కప్పివేయుచుండెను. పొడవును వెడల్పును సమములగుటచే 47 హెర్ట్జ్ నొద్దను, దాని రెట్టింపు నొద్దను స్థిరతరంగములు జంటగా బలియును. చెవి దానిని బరువని మాత్రమే చెప్పును, మైక్రోఫోను తావుతో సహా పట్టియిచ్చును. వెనుకగోడ కానుకొనియున్న కుర్చీని 3 అడుగులు ముందునకు జరుపగా ఆ మ్రోత సడలినది. కావున మంద్రధ్వనుల విషయమున కొలతకే లోబడవలెననియు, అనుధ్వని యెంత నిలువవలెనన్నది శ్రోత రుచికే విడువవలెననియు నా దృఢాభిప్రాయము. 1895లో హార్వర్డునందు గదిలోనికి మెత్తలు మోయించి, ఆర్గను గొట్టపు నాదమణగు కాలమును గణింప నారంభించిన వాలెస్ సేబిన్‌కు సైతము, అది అణగినదని చెప్పినది ఆయన చెవియే! నేనును నా చెవి మాట విని, గోడలకు వ్రేలాడదీసిన దుప్పట్లను మడిచి పెట్టెలో పెట్టితిని. వానితో గమకపు తడి యారిపోవుచుండెను.